తాడు ఎవరు పట్టుకోవాలి, బరోలో ఎప్పుడు తాగాలి

ఈసారి ఉత్తరం హైదరాబాద్ నుంచి వచ్చింది. రాసినావిడకు ముప్పై నాలుగేళ్లు. గచ్చిబౌలిలో ఉద్యోగం, పెళ్లయి ఏడేళ్లు. భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ మొదలుపెట్టి, సెలవుల్లో బాదామి, రామనగర తిరుగుతూ చేయి తిరిగినవారయ్యారు. రాతి పగుళ్లలో చేతులూ కాళ్లూ ఇరికించి ఎక్కే క్రాక్ క్లైంబింగ్ అంటే ఆవిడకు ప్రాణం. మన చుట్టుపక్కల గుండ్లు బోలెడు గానీ, పొడవాటి పగుళ్లు తక్కువ. అందుకని అక్టోబరులో పన్నెండు రోజులు ఇటలీ వెళ్లి, వాయవ్యాన పీడ్‌మాంట్ ప్రాంతంలో ఒర్కో లోయలో ఎక్కుదామని ఆఫీసు స్నేహితుడితో అనుకున్నారు. ఇద్దరూ చాలాకాలంగా ఒకే తాడుకు కట్టుకుని ఎక్కుతున్నవాళ్లు.

భర్త కొండలెక్కరు. ఆయన పిచ్చి వంట, వైన్. నాసిక్ ద్రాక్షతోటలు చూసొచ్చిన దగ్గర్నుంచి ఇటలీ బరోలో వైన్ అనీ, నేలలో దొరికే ట్రఫుల్ పుట్టగొడుగులనీ కలవరిస్తున్నారు. భార్య ఇటలీ వెళుతోందని తెలియగానే "మనిద్దరమే వెళ్దాం, తాడు నేను పట్టుకుంటా" అన్నారు. అనడమే కాదు, నెల రోజులుగా ఆఫీసు అయ్యాక ఇండోర్ జిమ్‌కి వెళ్లి బిలే, అంటే ఎక్కేవాళ్ల తాడు పట్టి పడకుండా ఆపే పని, నేర్చుకుంటున్నారు. అత్తగారు మాత్రం "మధ్యలో ఆ అబ్బాయి ఎందుకమ్మా?" అని ఒక్కసారి అని ఊరుకున్నారట. ఉత్తరంలోంచి నాలుగు వాక్యాలు: "ఆయన చేతిలో తాడు పెట్టి నేను ఎక్కలేను. ఆ మాటంటే నిన్ను నమ్మను అన్నట్టే వినిపిస్తుంది ఆయనకి. ఊరుకుంటే పన్నెండు రోజులూ వైన్ గ్లాసుల మధ్యే గడిచిపోతాయి. స్నేహితుడికి జూన్‌లోనే మాటిచ్చేశాను, ఈయనకు ఆగస్టులో చెప్పాను."

మీరు చివర్లో హడావిడిగా దాటేసిన ఆ జూన్, ఆగస్టు దగ్గరే నేను ఆగిపోయాను. మీ వారికి తాడు మీద అంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందో మీకు అర్థం కావట్లేదు. నాకు కొంచెం అర్థమైంది. ఆయన ఎన్నాళ్లుగానో కలవరిస్తున్న దేశానికి మీరు వేరే మనిషితో వెళ్లే ఏర్పాటు చేసుకుని, రెండు నెలల తరవాత చెప్పారు. ఆయన దాని గురించి గొడవ పడలేదు, జిమ్‌లో చేరారు. మీరు చేసింది మోసమని నేననను. కొండ సంగతి ఆయనకు పట్టదు కదా, ఖరారయ్యాక చెబుదాం అనుకుని ఉంటారు. కానీ ముందు ఆ విషయం మాట్లాడకుండా బిలే గురించి ఎంత శాస్త్రీయంగా వివరించినా ఆయన చెవికెక్కదు. ముందు ఇటలీ అనగానే ఆయన గుర్తుకు రాకపోవడానికి క్షమాపణ. తాడు మాట తరవాత, వీలైతే వేరే రోజు.

ఇక తాడు. ఇక్కడ మాత్రం మీ భయం నూటికి నూరు పాళ్లూ నిజం, దాన్ని సర్దుకుపోవడం పేరుతో మింగకండి. జిమ్‌లో ఆయన నేర్చుకుంటున్నది చాలావరకు టాప్ రోప్ అయి ఉంటుంది. తాడు పైనుంచి వేలాడుతుంది, పడితే జానెడు జారతారు. ఒర్కోలో మీరు లీడ్ చేస్తారు, అంటే పైన తాడు లేకుండా ముందు మీరే ఎక్కుతారు, అదీ ట్రాడ్ పద్ధతిలో. గోడలో బోల్టులు ఉండవు. పగుల్లో క్యామ్‌లు, నట్‌లు అనే లోహపు బిగింపులు మీరే పెట్టుకుంటూ పోవాలి. మీ చివరి క్యామ్ నడుముకు రెండు మీటర్ల కింద ఉంటే, పడినప్పుడు కనీసం నాలుగు మీటర్లు పడతారు, తాడు సాగేది అదనం. కింద ఉన్న మనిషి గోడకు దూరంగా నిలబడితే, తాడు బిగుసుకున్నప్పుడు అన్నిటికన్నా కింద పెట్టిన క్యామ్ ముందుకు లాగేసినట్టయి ఊడొచ్చు. అదొకటి ఊడితే దాని పైది, ఆ పైది. అందుకే ట్రాడ్‌లో బిలేయర్ గోడను ఆనుకుని నిలబడతాడు. ఈ సంగతి జిమ్‌లో ఎవరూ చెప్పరు, అక్కడ దాని అవసరం రాదు కాబట్టి. మీ వారిది 84 కిలోలు, మీది 53 అని రాశారు. అంత తేడా ఉంటే ఆయన పైకి లేవరు, మీకే తాడు ఠక్కున ఆగి గోడకు గట్టిగా కొట్టుకుంటారు. తాడును మెత్తగా ఆపడం అనుభవం మీద వచ్చే పని.

మరో చిక్కు ఉంది. సెర్జెంట్, కాపొరాల్ అనే ఆ పెద్ద గోడల మీద చాలా దారులు ఒక తాడు పొడవులో అయిపోవు. రెండో మనిషి మీ వెనకే ఎక్కి, మీరు పెట్టినవన్నీ పీక్కుంటూ రావాలి. నేర్చుకుని నెలైన మనిషి ఆ పని చేయలేరు.

అలాగని "నువ్వు తాడు ముట్టుకోవద్దు" అనడమూ తప్పే. ఆయన నిజంగా కష్టపడుతున్నారు, దానికి గౌరవం ఇవ్వండి. ఒక ఆదివారం మీరూ, ఆయనా, మీ స్నేహితుడూ ముగ్గురూ మీకు అలవాటైన గుట్ట దగ్గరకు వెళ్లండి. బోల్టులున్న దారిలో మీరు లీడ్ చేసి, ముందే చెప్పి, కావాలని చిన్న చిన్నగా పడండి. తాడు మీ వారి చేతిలోనే, కానీ ఆయన బ్రేక్ చేతికి, అంటే తాడును ఆపే చేతికి, వెనకాల తాడు మీ స్నేహితుడు కూడా పట్టుకోవాలి. క్లైంబింగ్ నేర్పేవాళ్లు ఎక్కడైనా చేసే పద్ధతే ఇది. ఒకటి రెండు పూటల్లో ఆయనకే తెలుస్తుంది తనకు ఏది వచ్చిందో, ఏది రాలేదో. మీ నోటితో చెప్పనక్కర్లేకుండా రాయి చెబుతుంది. ఇందులో ఇంకో లాభం కూడా కనిపిస్తోంది నాకు: ఇన్నేళ్లుగా మీ ప్రాణం ఎవరి చేతిలో ఉంటోందో మీ వారు దగ్గర్నుంచి చూస్తారు. అత్తగారి ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది మీరు కాదు, ఆయన. ఆ సాయంత్రం తరవాత చెప్పగలుగుతారు.

ఇప్పుడు యాత్ర ఎలా వెళ్లొచ్చో చూద్దాం.

మీరు అనుకున్నట్టే మీరూ స్నేహితుడూ ఒర్కో వెళ్లి, మీ వారు చివరి నాలుగైదు రోజులకు వచ్చి కలుసుకోవడం ఒక దారి. ఎక్కడానికి ఇదే అన్నిటికన్నా మేలు. ఒర్కోకి ఉన్న పేరు ఊరికే రాలేదు. 1970ల మొదట్లో జాన్ పియెరో మొత్తి, ఆయన చుట్టూ ఉన్న టురిన్ కుర్రాళ్లు శిఖరాల మోజు పక్కనబెట్టి, అమెరికాలోని యోసెమిటీ లోయ కబుర్లు విని, ఈ లోయ గోడల మీద పడ్డారు. అక్కడ ఎల్ క్యాపిటన్ అనే మహా గోడ ఉంటే మాకు కాపొరాల్ చాలు అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల ఉద్యమాన్ని నువొవో మత్తీనో అంటారు, కొత్త ఉదయం అని. ఆ రోజుల్లోనే టురిన్‌లో పరిశోధన చేస్తూ ఈ లోయకు వచ్చి ఎక్కిన మైకేల్ కోస్టర్లిట్జ్ తరవాత 2016లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్నాడు. ఆయన పేరు మీద ఒక పగులు ఇప్పటికీ ఉంది. మీలాంటివాళ్లకు తీర్థయాత్రే. కానీ మీ ఇంట్లో ఇప్పుడున్న పరిస్థితిలో ఆయన్ని ఏడెనిమిది రోజులు ఆగి రమ్మనడం, జూన్ నాటి గాయం మీద మళ్లీ గీరినట్టవుతుంది. ఆయనంతట ఆయన "అలాగే రండి, నేను వెనకాల వస్తా" అంటే తప్ప దీని జోలికి పోకండి.

మీరిద్దరే వెళ్లి, ఎక్కే రోజులకు అక్కడి లైసెన్సున్న పర్వత గైడును పెట్టుకోవడం మరో దారి. ఇటలీలో అది చట్టం గుర్తించిన వృత్తి, చదువూ పరీక్షలూ దాటి వచ్చినవాళ్లే చేస్తారు. మీ వారు కోరినట్టు ఇద్దరే ఉంటారు, తాడు నిపుణుడి చేతిలో ఉంటుంది, క్రాక్ పద్ధతులు మీకు సరిగ్గా నేర్పేవాళ్లు దొరుకుతారు. అయితే రోజుకు కొన్ని వందల యూరోలవుతాయి. మీ ఇద్దరి బడ్జెట్ ఆరు లక్షలన్నారు కాబట్టి రెండు మూడు రోజులకు మించి కుదరదు. స్నేహితుడికి ఇచ్చిన మాట కూడా వెనక్కి తీసుకోవాలి. ఆయన టికెట్ కొనేసి ఉంటే ఆ నష్టం మీరు భరించాల్సిందే, అందులో మొహమాటం వద్దు.

ముగ్గురూ వెళ్లడం మూడోది. బయట నుంచి చూస్తే ఇదే ఇబ్బందికరం, కానీ నా మొగ్గు ఇటే. అయితే ఒర్కో కాదు, కదరేసె వెళ్లండి.

అదీ పీడ్‌మాంట్‌లోనే, ఉత్తరాన ఒస్సోలా లోయల్లో, ప్రెమియా అనే చిన్న ఊరి పరిధిలో ఉంది. మిలాన్ నుంచి దొమొదొస్సోలా దాకా రైలు, అక్కణ్ణుంచి రోడ్డు. అక్కడి నైస్ (gneiss) అనే రకం రాతిలో వరసగా పగుళ్లు, వేలు దూరేవి, చేయి దూరేవి, పిడికిలి పట్టేవి, అన్నీ ఉన్నాయి. ఎక్కువ భాగం ఒకే తాడు పొడవు. పొద్దున ఎక్కి మధ్యాహ్నానికి కిందికి రావచ్చు, రాత్రి దాకా గోడ మీద చిక్కుకుపోయే బాధ లేదు. మీ వారు వచ్చి కాసేపు కూర్చుని, విసుగొస్తే వెళ్లిపోవచ్చు. వెళ్లడానికి చోటూ ఉంది: అదే ఊళ్లో వేడినీటి బుగ్గల స్నానశాల ఉంది. దగ్గర్లో ఉరియెజ్జో దగ్గర నీళ్లు కోసిన లోతైన రాతి సందులున్నాయి, పైకి పోతే తోచె జలపాతం 143 మీటర్లు. ఆయన భాషలో చెప్పాలంటే, బరోలో చేసే నెబ్బియోలో ద్రాక్షకు ఇక్కడి పాతకాలపు రకాన్ని ప్రూనెంత్ అంటారు, పైన పచ్చిక బయళ్లలో వేసవిలో చేసే బెత్తెల్మాత్ చీజ్ దాని పక్కన పెడతారు. ఈ రెండూ ఆయన జాబితాలో లేవని పందెం. ట్రాడ్ రోజుల్లో మీ స్నేహితుడు తాడు పడతారు. గుట్ట దగ్గర పరీక్షలో నెగ్గితే, పైన యాంకర్, అంటే తాడు వేసే గట్టి ఆధారం, ఉన్న దారుల్లో టాప్ రోప్ వేసుకున్నప్పుడు మీ వారే పడతారు. జామింగ్, అంటే పగుల్లో చేయీ కాలూ ఇరికించే సాధన, ఎలాగూ ఎక్కువగా టాప్ రోప్ మీదే చేస్తారు, కాబట్టి అది బొమ్మ ఉద్యోగం కాదు. ఒర్కో మీద అంత ఆశ ఉంటే అది వచ్చే ఏటికి ఉంటుంది, మీ చేతులు ఇంకా ముదిరాక.

చేతుల గురించి ఒక మాట. హ్యాండ్ జామ్ ఎంత సాధన చేసినా జారుతోందని రాశారు. గాజులు వేసుకునేటప్పుడు బొటనవేలు లోపలికి ముడిచి చేతిని సన్నగా చేస్తాం కదా, ఇక్కడ వేలు ముడవడం అదే, ఫలితం తలకిందులు. సన్నటి చేయి లోపలికి వెళ్లాక బొటనవేలిని అరచేతిలోకి నొక్కితే దాని మొదట్లో కండ ఉబ్బి, చేయి లావై ఇరుక్కుంటుంది. మీరు వేళ్లతో రాతిని పట్టుకోవాలని చూస్తున్నారేమో. పట్టుకోనక్కర్లేదు, ఇరుక్కుంటే చాలు. ఇంటి దగ్గరే సాధన చేయొచ్చు. ఇంగ్లండులో టామ్ రాండాల్, పీట్ విటేకర్ అనే ఇద్దరు ఇంటి నేలమాళిగలో చెక్కలతో పగులు కట్టుకుని అందులోనే వేలాడి, 2011లో అమెరికా వెళ్లి సెంచరీ క్రాక్ అనే భయంకరమైన పైకప్పు పగులు ఎక్కారు. వడ్రంగి చేత రెండు దళసరి పలకలు ఎదురెదురుగా బిగించి, సందు మార్చుకునేలా చేయించుకోండి. ఇంకొకటి: మీ చేయి చిన్నది. మీ స్నేహితుడికి హాయిగా సరిపోయే పగులు మీ చేతికి వదులు, ఆయన వేళ్లు మాత్రమే దూరేచోట మీ చేయి మొత్తం దూరొచ్చు. గైడ్‌బుక్ గ్రేడ్ చూసి ఆయనతో పోల్చుకుని దిగులు పడకండి.

క్యాలెండర్ గురించి మీరు పడుతున్న బాధ మాత్రం అక్కర్లేనిది. పగుళ్లలో వరసగా రెండు రోజులు ఎక్కితే మూడో రోజు చేతుల వెనక చర్మం, చీలమండలు వద్దంటాయి. ఆ మూడో రోజు ఎవరిది? మీ వారిది. మీ సెలవులోంచి ఆయన లాక్కుంటున్నారని మీరనుకునే రోజులు, సగం, మీ చేతులే మీకివ్వని రోజులు.

వరస నేనైతే ఇలా పెడతాను. దిగగానే మొదట మూడు రోజులు బరోలో తయారయ్యే లాంగే కొండలు, అక్కడి ఆల్బా ఊరు. తరవాత కదరేసె. ఎక్కేవాళ్లను నేను బాగా ఎరుగుదును. కొండ ముందు పెడితే, ఎండ బాగుందనో ఒక దారి మిగిలిపోయిందనో చివరి రోజులు ఒక్కొక్కటే కొట్టేస్తారు, ద్రాక్షతోట ఒక మధ్యాహ్నానికి కుదించుకుపోతుంది. ఆ మూడు రోజులు మీ ఇద్దరివే. స్నేహితుణ్ణి నేరుగా దొమొదొస్సోలాకి రమ్మనండి. అత్తగారి మాటకు కూడా అందులోనే సగం సమాధానం.

అక్టోబరు ఆల్బాకు మంచి నెల. తెల్ల ట్రఫుల్ కాలం, నెబ్బియోలో కోత కాలం. వైనరీలకు ముందుగా సమయం అడిగి వెళ్లాలి, కోత రోజుల్లో వాళ్లకు తీరిక ఉండదు. బరోలో కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో, నిలవ ఉంచాకే ఆ పేరుతో అమ్ముతారు, కాబట్టి తొట్టిలో ఇప్పుడు పడుతున్న ద్రాక్షకు, మీ గ్లాసులోదానికి చాలా దూరం. రుచి చూసి ఉమ్మేయడం అక్కడ మర్యాదే, సిగ్గుపడకండి. కారు అద్దెకు తీసుకుంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే తీసుకుని వెళ్లండి. అక్కడ నడిపేవాళ్లకు రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల ఆల్కహాల్ దాకా అనుమతి ఉంది, మన 0.3 కన్నా ఎక్కువే, కానీ నాలుగు తోటలు తిరిగిన వాళ్లకు ఆ లెక్క పనికిరాదు. ఆ రోజు టాక్సీ.

మీరు గుడ్డు తింటారు, మాంసం ముట్టరు. పీడ్‌మాంట్ మీకు కొంచెం పరీక్షే. ఆన్యొలొత్తి దెల్ ప్లిన్ అని చిన్న పొట్లాల్లా చేసే పాస్తాలో సాధారణంగా మాంసమే ఉంటుంది. బాన్యా కౌదా చూడ్డానికి కూరగాయలు ముంచుకుని తినే వెల్లుల్లి పులుసులా ఉంటుంది, అందులో ఆంకోవీ చేపలు. రిసొత్తో అనే అన్నం వంటకాన్ని మాంసం ఉడికించిన నీళ్లతో చేశారేమో అడగండి. అసలైన పార్మెజాన్ చీజ్‌లో దూడ పొట్టలోంచి తీసిన, పాలను విరిచే రెన్నెట్ ఉంటుంది, అది మీకు పట్టింపయితే ముందే తేల్చుకోండి. మీ కోసం ఉన్నవీ ఉన్నాయి. తాయరీన్ అనే సన్నటి పాస్తా, పచ్చసొన పుష్కలంగా, వెన్నలో కలిపి పైన తెల్ల ట్రఫుల్ గీకుతారు. తూకం లెక్కన బిల్లు వేస్తారు, గీకడం మొదలుపెట్టక ముందే ధర అడగాలి. కొండ మీద పొలెంతా కోంచ, మొక్కజొన్న పిండిని తోమా చీజ్, వెన్నతో ఉడికిస్తారు, జొన్న సంకటి తిన్నవాళ్లకు వెంటనే నచ్చుతుంది. ఒస్సోలాలో గుమ్మడి, చెస్ట్‌నట్ పిండితో చేసే న్యొక్కి ఉంటుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: మధ్యాహ్నం రెండు, రెండున్నర దాటితే చాలా వంటగదులు మూసేస్తారు, రాత్రి ఏడున్నర దాకా తెరవరు. నాలుగు గంటలకు ఆకలితో గోడ దిగే మీలాంటివాళ్లకు సంచిలో రొట్టె, చీజ్ లేకపోతే కష్టం. ఎక్కే రోజు మధ్యాహ్నం మాత్రం వైన్ వద్దు, తాడు పట్టే మనిషికైతే మరీ వద్దు. ఇది అడిగి చర్చించే విషయం కాదు.

వాన పడితే? అక్టోబరులో ఆల్ప్స్ పాదాల దగ్గర రెండు మూడు రోజుల ముసురు మామూలే. తడిసిన పగులు ఆరడానికి సమయం పడుతుంది. అప్పుడు దక్షిణాన సముద్రం పక్కన ఫినాలె లిగురె దిగిపోండి. అక్కడ సున్నపురాయి, బోల్టులు, క్రాక్ కాదు. కానీ శనగపిండితో చేసే ఫరినాతా, బాసిల్ పెస్తో దొరుకుతాయి, మీ వారు ఫిర్యాదు చేయరు. బసలన్నీ రద్దు చేసుకోగలిగేవే తీసుకోండి.

షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు, పదిహేను రోజుల కన్నా ఆలస్యం చేయకూడదు. మీరింకా అపాయింట్‌మెంట్ తీసుకోలేదని రాశారు. మీ వారితో మాట ఎంత సున్నితంగా మొదలుపెట్టాలా అని ఇంకో నెల ఆలోచించే వ్యవధి లేదు. వీసా కోసం అడిగే 30,000 యూరోల ఇన్సూరెన్స్ మామూలుగా కొండ ఎక్కడాన్ని మినహాయిస్తుంది. క్లైంబింగ్, హెలికాప్టర్ రెస్క్యూ రెండూ రాతపూర్వకంగా ఉన్నది వేరే తీసుకోండి, మీ వారి పేరు మీద కూడా. తిరుగు ప్రయాణంలో మనిషికి రెండు లీటర్ల మద్యం మాత్రమే సుంకం లేకుండా తేవచ్చు. అంటే తలా రెండు సీసాలు. మీ వాటా రెండు సీసాలూ ఆయనకివ్వండి.

జామింగ్ గ్లవ్స్ కొనాలా టేప్ చాలా అని అడిగారు. రెండూ పట్టుకెళ్లండి. సన్నటి పగుళ్లలో గ్లవ్స్ మందం అడ్డొస్తుంది, అక్కడ టేపే మేలు. బూట్లు మాత్రం ముక్కు వంగినవి వద్దు, బల్లపరుపుగా, గట్టిగా ఉన్నవి తీసుకోండి, పాదం నిలువుగా పెట్టి మెలితిప్పినప్పుడు వేళ్లు నలగకుండా.